చైనా సెన్సారు: సర్దుకుపోయిన బింగ్, వెళ్లిపోయిన గూగుల్... ఏది మేలు?

2006 జనవరిలో గూగుల్ చైనా కోసం గూగుల్.సీఎన్ తెరిచింది. ప్రభుత్వం వద్దన్నవి సెర్చ్ ఫలితాల్లో కనపడకూడదన్న షరతుకు ఒప్పుకునే అడుగుపెట్టింది. కాకపోతే ఏదైనా తీసేసినప్పుడు పేజీ అడుగున చిన్న లైను వేసేది, స్థానిక చట్టాల వల్ల కొన్ని ఫలితాలు చూపడం లేదని. నాకు ఆ లైను మీద గౌరవం. ఇక్కడేదో దాచారని తెలిస్తే చాలు, కావాల్సినవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు.

ఇంకో జాగ్రత్త కూడా పడింది: జీమెయిల్ సర్వర్లు చైనాలో పెట్టలేదు. యాహూకు ఏమైందో అప్పటికే అందరూ చూశారు. అది అప్పగించిన ఈమెయిల్ వివరాలతో షి టావో అనే జర్నలిస్టుకు 2005లో పదేళ్ల జైలు పడింది. సర్దుకుపోవడం ఎందాకా వెళ్తుందో చెప్పడానికి నా దృష్టిలో ఆ ఒక్క కేసు చాలు.

2009 చివర్లో చైనా వైపు నుంచి హ్యాకర్లు గూగుల్‌లోకి చొరబడ్డారు. వాళ్ల గురి మానవ హక్కుల కార్యకర్తల జీమెయిల్ ఖాతాల మీదేనని కంపెనీ చెప్పింది. ఇకపై ఫలితాలను వడపోయబోమని 2010 జనవరి 12న ప్రకటించింది. బీజింగ్ ఆఫీసు బయటి గూగుల్ బోర్డు మీద జనం పూలు తెచ్చి పెట్టారు, సెక్యూరిటీవాళ్లు తీసేశారు. దాంతో ‘చట్టవిరుద్ధంగా పూలు పెట్టడం’ అనే మాట పుట్టి అక్కడి నెటిజన్ల మధ్య జోకైపోయింది. మార్చి 22న గూగుల్ తన సెర్చ్‌ను హాంకాంగ్ సైట్‌కి మళ్లించింది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్ మాత్రం కదల్లేదు. మైక్రోసాఫ్ట్‌కు అక్కడ విండోస్, ఆఫీస్ వ్యాపారం కూడా ఉంది మరి. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల 2014లో సీఈఓ అయ్యాకా అదే పద్ధతి. దీని వల్ల లాభం లేదనలేం. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకైనా సరే, సెన్సారు గోడ దాటించే వీపీఎన్ మొరాయించిన రోజు గూగుల్ రాదు, బింగ్ తెరుచుకుంటుంది.

అయితే తలొగ్గినంత మాత్రాన భరోసా ఏమీ దొరకలేదు. 2019 జనవరిలో చైనాలో బింగ్ కూడా తాత్కాలికంగా ఆగిపోయింది. 2021 జూన్ 4న, 1989లో బీజింగ్‌లోని తియనాన్మెన్ దగ్గర నిరసనకారుల్ని సైన్యం అణచివేసిన రోజు వార్షికోత్సవం నాడు, అమెరికాలో కూర్చుని ‘ట్యాంక్ మ్యాన్’ (అప్పట్లో ట్యాంకులకు ఒంటరిగా అడ్డం నిలబడిన మనిషి) బొమ్మల కోసం బింగ్‌లో వెతికినా ఖాళీ పేజీ వచ్చింది. పొరపాటున జరిగిందని మైక్రోసాఫ్ట్ అంది. పొరపాటే అనుకుందాం. కత్తెర చేతిలో ఉంటేనే కదా ఆ పొరపాటు జరిగేది.

మరి గూగుల్ వెళ్లిపోతే అక్కడి జనానికి ఒరిగిందేమిటి? సెర్చ్ మొత్తం దాదాపుగా చైనా కంపెనీ బైదూ చేతికి పోయింది. క్యాన్సర్‌తో ఉన్న 21 ఏళ్ల విద్యార్థి బైదూలో ప్రకటనగా పైన కనిపించిన ఆసుపత్రిని నమ్మి అక్కడ చికిత్స చేయించుకున్నాడు. డబ్బంతా పోయింది, జబ్బు తగ్గలేదు. అమెరికాలో చదివే ఒక చైనా విద్యార్థి గూగుల్‌లో వెతికి చెప్తేగానీ ఆ చికిత్సను విదేశాల్లో ఎప్పుడో పక్కన పెట్టేశారని అతనికి తెలియలేదు. ఇదంతా అతనే రాసిపెట్టాడు, 2016లో చనిపోయాడు. బైదూ ప్రకటనల మీద ప్రభుత్వం దర్యాప్తు చేసింది. గూగుల్ నిష్క్రమణను మెచ్చుకునేవాళ్లు, నాతో సహా, ఈ సంగతి దాటేయకూడదు.

నన్నడిగితే 2006లో వెళ్లడమూ సబబే, 2010లో వచ్చేయడమూ సబబే. ఫలితాలు కత్తిరించి, కత్తిరించామని చెప్పినంతకాలం ఉండొచ్చు. జనం ఉత్తరాల మీదే చేయి పడ్డాక మాత్రం ఉండకూడదు.

ఆ గూగులే మళ్లీ గుట్టుగా ‘డ్రాగన్‌ఫ్లై’ అనే సెన్సారు సెర్చ్ తయారుచేస్తోందని 2018లో బయటపడింది. ఎవరేం వెతికారో వాళ్ల ఫోన్ నంబరుకు ముడిపెట్టే ఏర్పాటు అందులో ఉందని వార్తలొచ్చాయి. ఉద్యోగులే ఎదురుతిరిగారు. ప్రాజెక్టు ఆపేశామని 2019 జూలైలో గూగుల్ ప్రతినిధి అమెరికా సెనేట్ కమిటీ ముందు చెప్పాడు.