ఫెర్గూసన్ తర్వాత: వాన్ గాల్ నయమా, మౌరిన్హో నయమా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన ప్రతిసారీ అదే ప్రశ్న మళ్లీ లేస్తుంది: ఏళ్ల తరబడి కప్పులు తెచ్చి 2013లో దిగిపోయిన ఫెర్గూసన్ తర్వాత వచ్చి నిలదొక్కుకోలేకపోయిన మేనేజర్లలో ఎవరు నయం? వాదన ఎటు తిరిగినా చివరికి వాన్ గాల్ (2014-16), ఆయన తర్వాత వచ్చిన మౌరిన్హో (2016-18)ల దగ్గరే ఆగుతుంది. పాయింట్లు లెక్కపెట్టేవాళ్లు మౌరిన్హో అంటారు. కప్పులు లెక్కపెట్టేవాళ్లదీ అదే మాట. ఆ లెక్కల్లో తప్పులేదు. అయితే పదవి పోగొట్టుకున్న మేనేజర్‌ను తూచడానికి అంతకంటే మంచి రాయి ఒకటుంది: వెళ్తూ వెళ్తూ తర్వాతివాడి చేతిలో ఏం పెట్టాడు?

ముందు మౌరిన్హో. 2016-17లో లీగ్ కప్, యూరోపా లీగ్ రెండూ గెలిచాడు. 2017-18లో 81 పాయింట్లతో రెండో స్థానం. 38 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 28, గోల్‌కీపర్ డి గియా ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు (క్లీన్ షీట్లు) 18. మాంచెస్టర్ సిటీ 100 పాయింట్లు కొట్టిన ఏడాది కాకపోతే దాని విలువ ఇంకా బాగా కనిపించేది. మూడో సీజన్‌లో మాత్రం అంతా కూలింది. 17 లీగ్ మ్యాచ్‌లకు 26 పాయింట్లు. కొట్టినవి 29, ఇచ్చినవీ 29. అడిగిన సెంటర్‌బ్యాక్‌ను బోర్డు కొనివ్వలేదన్నది నిజమే. కానీ దాడి ఎలా చేయాలో జట్టుకు ఒక పద్ధతంటూ లేకపోయింది. ముందున్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చేయాల్సిందే. లివర్‌పూల్‌లో 3-1తో ఓడాక డిసెంబర్ 18న తీసేశారు. నాలుగు రోజులకే, ఆయన చోట వచ్చిన సోల్‌షార్ కింద అదే ఆటగాళ్లు కార్డిఫ్‌పై 5-1తో గెలిచారు. ఫెర్గూసన్ ఆఖరి మ్యాచ్, ఆ 5-5 డ్రా తర్వాత యునైటెడ్ లీగ్‌లో ఐదు గోల్స్ కొట్టడం అదే మొదలు. ఆటగాళ్లలో సత్తా లేదన్న సాకు ఆ రోజుతో పోయింది.

ఇక వాన్ గాల్. ఆ ఆట చూడటం కష్టంగా ఉండేదని ఆయన అభిమానులూ ఒప్పుకోవాలి. 2015-16లో 38 మ్యాచ్‌లకు 49 గోల్సే. కారణం పద్ధతిలోనే ఉంది. ఎవరికి గీసిన చోటు వాళ్లు దాటకూడదు, బంతి పోయేలా ఉంటే వెనక్కి ఇచ్చేయాలి. బంతి ఆ పక్కకీ ఈ పక్కకీ తిరిగేలోపు ఎదుటి జట్టు తీరిగ్గా బాక్స్ ముందు సర్దుకునేది. సెప్టెంబర్‌లో ఐంధోవెన్‌లో ల్యూక్ షా కాలు రెండు చోట్ల విరిగాక ఎడమవైపు దూసుకెళ్లేవాడే కరువయ్యాడు. డిఫెన్స్ మాత్రం గట్టిది: ఇచ్చినవి 35 గోల్స్, లీగ్‌లో టోటెనమ్‌తో సమానంగా అందరికంటే తక్కువ. లీగ్‌లో ఐదో స్థానం. ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే ఉద్యోగం పోయింది.

ఇప్పుడు 2017 మేలో స్టాక్‌హోమ్‌లో అయాక్స్‌ను 2-0తో ఓడించి యూరోపా లీగ్ ఎత్తిన పదకొండు మందిని చూడండి. రొమెరో; వాలెన్సియా, స్మాలింగ్, బ్లైండ్, డార్మియన్; హెరెరా, పోగ్బా, ఫెలైని; మాటా, రాష్‌ఫర్డ్, మఖితారియన్. వీళ్లలో మౌరిన్హో కొన్నది పోగ్బా, మఖితారియన్‌లను మాత్రమే. రెండు గోల్స్ కొట్టింది వాళ్లే, అది కాదనలేం. వాలెన్సియా, స్మాలింగ్ ఫెర్గూసన్ నాటివాళ్లు. ఫెలైని, మాటా ఫెర్గూసన్ తర్వాత మొదట వచ్చిన మోయెస్ తెచ్చినవాళ్లు. మిగతా ఐదుగురూ వాన్ గాల్ చలవే. బైయీకి సస్పెన్షన్, ఇబ్రహిమోవిచ్‌కు మోకాలి గాయం లేకపోతే లెక్క కొంత మారేది. అయినా మౌరిన్హో పెద్ద కప్పుకి పునాది ఎవరు వేశారో అక్కడే తెలుస్తోంది.

రాష్‌ఫర్డ్‌ది అదృష్టం అనేవాళ్లున్నారు. 2016 ఫిబ్రవరి 25న డెన్మార్క్ జట్టు మిట్యులాన్‌తో మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో మార్షియల్‌కు దెబ్బ తగిలింది, 18 ఏళ్ల కుర్రాడు దిగి రెండు గోల్స్ కొట్టాడు, మూడు రోజులకు ఆర్సెనల్‌పై మరో రెండు. మార్షియల్ గాయం అనుకోనిదే. కానీ స్క్వాడ్‌ను చిన్నగా ఉంచి, ఖాళీ వస్తే క్లబ్ అకాడమీ కుర్రాడికే చోటివ్వడం వాన్ గాల్ ముందునుంచీ పాటించిన పద్ధతి. ఆయన వెళ్లి ఏడేళ్లు కావస్తుండగా, 2023 లీగ్ కప్ ఫైనల్లో న్యూకాసిల్‌పై ఆయన కాలంలో వచ్చిన షానే ఫ్రీకిక్ వేస్తే కాసెమిరో తలతో గోల్ చేశాడు. ఆ జట్టులో డాలో, ఫ్రెడ్‌లను తెచ్చిన ఘనత మౌరిన్హోదని కూడా చెప్పుకోవాలి.

వాన్ గాల్ లెక్కలో పెద్ద మచ్చ డి మరియా. 5.97 కోట్ల పౌండ్లు పోసి, చోట్లు మార్చి మార్చి ఆడించి, ఏడాదికే పారిస్‌కు అమ్మేశారు. అయినా తూకం వాన్ గాల్ వైపే మొగ్గుతుంది.

మోయెస్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఛాంపియన్ జట్టుకు శిక్షణ ఇచ్చిన కోచ్‌లందరినీ ఒకేసారి మార్చేశాడు. ఫుల్‌హామ్‌పై పక్కల నుంచి గోల్ ముందుకి 81 క్రాస్‌లు వేయించి 2-2తో సరిపెట్టుకున్నాడు. సోల్‌షార్ జట్టు కౌంటర్‌ అటాక్‌లో భయపెట్టేది, లీగ్‌లో బయటి మైదానాల్లో 29 మ్యాచ్‌లు ఓడలేదు. కానీ వెనక్కి తగ్గి కాచుకునే జట్టు ఎదురైతే దారి దొరికేది కాదు. తెచ్చినవాళ్లలో బ్రూనో ఫెర్నాండెజ్ ఒక్కడు చాలు ఆయన పేరు నిలవడానికి.

ఈ రాయితో తూస్తే వాన్ గాల్‌కు దగ్గరగా వచ్చేది 2022లో వచ్చిన టెన్ హాగ్. యాంటొనీకి 8 కోట్ల పౌండ్లకు పైగా తగలేసిన తప్పు పెద్దదే. కానీ 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్లో సిటీపై గోల్స్ కొట్టిన గర్నాచో, మైనూ ఇద్దరూ అకాడమీ నుంచి వచ్చినవాళ్లే, ఇద్దరికీ 19 ఏళ్లే. గర్నాచోను మొదట దించింది మాత్రం టెన్ హాగ్‌కు ముందున్న రాంగ్‌నిక్. తాత్కాలికంగా వచ్చి వెళ్లిన ఆయన ఖాతాలో అదొక్కటైనా రాయాలి.