ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, చిన్న ఎయిర్ పంపు: సీటు కింద ఉండాల్సిన సరుకే

రీమర్ (చిల్లుని గీకి సాఫు చేసే గరుకు కడ్డీ), స్ట్రిప్ దోపే సూది, చిల్లు మూసే జిగురు స్ట్రిప్‌లు, రబ్బర్ సొల్యూషన్, బండి బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల పంపు, ఇవీ లోపల ఉన్నవి. హ్యాండిళ్లు టీ ఆకారంలో ఉన్నాయి చూడండి, నాకు అదే బాగా నచ్చింది, ఎందుకంటే స్క్రూడ్రైవర్ టైపు హ్యాండిల్ అయితే వెనక టైరులోకి రీమర్ దిగేలోపు అరచెయ్యి మండిపోద్ది, పట్టు జారితే రెండో చేతికే గుచ్చుకుద్ది.

మేకు కనపడగానే పీకెయ్యకండి. ముందు బండి ట్రాఫిక్‌కి దూరంగా గట్టి నేల మీద పెట్టి, స్ట్రిప్ సూదికి ఎక్కించి రెడీగా ఉంచుకుని అప్పుడు పీకి, మేకు ఏ యాంగిల్‌లో దిగిందో అదే యాంగిల్‌లో రీమర్ తిప్పి, స్ట్రిప్ చివర్లు కాస్త బయట ఉండేలా దోపి సూదిని ఒక్క లాగు లాగాలి. గాలి పెట్టాక సబ్బునీళ్లు రాస్తే బుడగలు రాకూడదు (సబ్బు లేదా, ఉమ్ము చాలు లెండి).

పంపే కొంచెం డల్లు. గోల ఎక్కువ, స్పీడు తక్కువ, తొందరగా వేడెక్కుద్ది కాబట్టి మధ్యలో ఆపాలి, బ్యాటరీ దిగకుండా ఇంజన్ ఆన్‌లో ఉంచాలి. గాలి ఎంతుందో చూపే గేజ్‌ని నేను నమ్మను, విడిగా ఒకటి పెట్టుకున్నా.

టైరు పక్క గోడకి చిల్లు పడినా, ట్యూబు టైరైనా ఈ కిట్ దండగే. స్ట్రిప్ వేశాక కూడా మెల్లగా మెకానిక్ దాకా వెళ్లి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోండి. సొల్యూషన్ ఒకసారి తెరిస్తే ఎండిపోద్ది, కొత్తది కొని పెట్టుకోవాలి. గ్లవ్స్, టార్చ్ ఇవ్వలేదు, స్టార్ తగ్గించింది అందుకే.