తాళం వేసిన ఇంటికి పోలీసుల కాపలా: కడప నుంచి ఒక సమీక్ష

వేసవిలో తిరుమలకు బయలుదేరే ముందు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఉచితంగా అందించే ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే తాళం వేసిన ఇంటిపై నిఘా) సేవను కడపలోని మా ఇంటికి వాడుకున్నాము. యాప్‌లో చిరునామా నమోదు చేసి, ఊళ్లో ఉండని రోజులను తెలిపితే, సిబ్బంది వచ్చి ఇంట్లో చిన్న కెమెరా అమర్చుతారు. ఆ తరువాత లోపల ఏ కదలిక కనిపించినా కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక చేరి, గస్తీ పోలీసులు బయలుదేరుతారు.

అమర్చడానికి వచ్చినవారు మర్యాదగా, ఓపికగా వివరించారు. అయితే దొంగ లోపలికి అడుగుపెట్టిన తరువాతే కెమెరా మేలుకుంటుంది కనుక, దీన్ని నివారణ అనడం కంటే పట్టుకునే ఏర్పాటు అనడమే సబబు. మా అత్తగారు మాత్రం నగలను బ్యాంకు లాకరులో పెట్టాకే బస్సెక్కారు. ఆమెను తప్పుపట్టలేను. పైసా ఖర్చు లేని ఈ సేవను మళ్లీ తప్పక వాడుకుంటాము.