యాంటీ కోలిక్ పాలసీసా కొంటున్నారా? గాలి చిల్లు ఉందో లేదో ముందు చూడండి

జాగ్రత్త. సగం ధరకే మూడు సీసాలంటూ, పైన "యాంటీ కోలిక్" (కోలిక్ అంటే పసిబిడ్డ కారణం తెలియకుండా గంటలకొద్దీ ఏడవడం), "గ్యాస్ పట్టదు" అని రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సెట్లలో కొన్నిటికి ఆ పేరుకు తగ్గ ఏర్పాటే ఉండదు. పాలపీక అంచున గాలి దూరే చిల్లు ఉండాల్సిన చోట చిన్న గుంట మాత్రం ఉంటుంది. అచ్చులో గుంట పడింది గానీ అవతలికి తెగలేదు. ఫోటోలో ఆ తేడా కనిపించదు, బిడ్డ నోట్లో పెట్టాకే తెలుస్తుంది. నాలుగు గుక్కలు తాగేసరికి పీక లోపలికి నొక్కుకుపోయి అతుక్కుంటుంది. బిడ్డ వదిలేసి ఏడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. 90 మి.లీ. తాగడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ తర్వాత పొట్ట డప్పులా బిగుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీస్తారు, ఒకరు పాలడబ్బా మార్చమంటారు, ఇంకొకరు గ్రైప్ వాటర్ తెస్తారు. సీసా మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు.

అసలు సంగతి ఇది. సీసాలోంచి బిడ్డ ఎంత పాలు లాగితే లోపల అంత ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికి వేరే దారి లేకపోతే పాలు వచ్చే రంధ్రం గుండానే దూరుతుంది. అంటే బిడ్డ పీక వదిలినప్పుడల్లా గాలి బుడగలై పాలలోకి పోతుంది, మళ్లీ పట్టుకున్నప్పుడు ఆ నురగ కడుపులోకి పోతుంది. యాంటీ కోలిక్ అని పేరున్న ఏ సీసా అయినా చేసే పని ఒక్కటే, గాలికి వేరే దారి చూపించడం. ఆ దారి కొన్నిటికి పీక అంచున చిన్న వాల్వులా ఉంటుంది. కొన్నిటికి సీసా మధ్యలో నిలువుగా గొట్టం ఉంటుంది. ఇంకొన్నిటికి అడుగున విప్పే మూత, దాని లోపల చిల్లులున్న సిలికాన్ బిళ్ల ఉంటాయి. సీసాను వంకరగా చేసి అమ్మేవీ ఉన్నాయి. వంపు వల్ల పీకలో పాలు నిండుగా నిలుస్తాయంతే, గాలి దారి లేకపోతే వంపు ఒక్కటీ చాలదు.

కొన్న రోజే, కడిగి మరిగించాక, పాలు పోయకముందే ఈ పరీక్ష చేయండి. మందుల షాపులో దొరికే సూది లేని 10 మి.లీ. సిరంజి చాలు. సీసాలో 60 మి.లీ. నీళ్లు పోసి, రింగు మామూలుగా బిగించి, తలకిందులుగా పట్టుకోండి. సిరంజి మూతిని పీక చివర ఆనించండి. గుచ్చకండి, రంధ్రం పెద్దదైపోతుంది. నెమ్మదిగా 10 మి.లీ. లాగండి, అలా రెండుసార్లు. అంచు వాల్వున్న సీసా అయితే రింగు దగ్గర్నుంచి సన్నటి బుడగల వరస పైకి పోవాలి, పీక తన ఆకారంలోనే నిలవాలి. గొట్టం రకంలోనూ అడుగు బిళ్ల రకంలోనూ గాలి నేరుగా నీళ్ల పైభాగానికి చేరుతుంది కాబట్టి నీళ్లలో బుడగలు దాదాపు కనిపించవు, పీక మాత్రం నొక్కుకుపోకూడదు. పీక లోపలికి ముడుచుకుని, సిరంజి పిస్టన్ వదలగానే వెనక్కి లాక్కుంటే ఆ సీసాకు గాలి దారి లేనట్టే. ఇంకో చిన్న పరీక్ష: పీక అంచును రెండు బొటనవేళ్లతో సాగదీసి ట్యూబ్‌లైట్ వైపు పట్టండి. చిల్లయితే వెలుతురు చుక్క కనిపిస్తుంది, చీలిక వాల్వయితే నోరు తెరుస్తుంది. వట్టి గుంట అలాగే ఉంటుంది.

అయితే పరీక్షలో తప్పిన ప్రతి సీసా నకిలీది కాదు. మంచి సీసాలను మనమే పాడుచేస్తుంటాం. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది రింగును బలంగా బిగించడం. పాలు కారుతున్నాయని ఇంకో పావు తిప్పు తిప్పుతాం. రింగు పీక అంచును నొక్కేస్తుంది, వాల్వు మూసుకుపోతుంది, కారడం ఆగుతుంది, గ్యాస్ మొదలవుతుంది. వేళ్లతో ఆగేంత బిగిస్తే చాలు. తర్వాతది ఎండిన పాలపొడి. చీలిక వాల్వుకు ఒక్క పొర అడ్డం పడితే చాలు, అది పనిచేయదు. మరిగించినప్పుడు చీలిక రెండు పెదాలూ అతుక్కుపోవడం కూడా మామూలే. ప్రతిసారీ సీసా బిగించే ముందు శుభ్రమైన పొడి వేళ్లతో ఆ వాల్వును ఒకసారి నొక్కి తెరవండి. రెండు సెకన్ల పని.

గొట్టం రకం బాగా పనిచేస్తుంది, అంతకు అంత చాకిరీ కూడా చేయిస్తుంది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. ఒక్కో సీసాకు ఐదారు ముక్కలు, రోజుకు ఎనిమిది తాపులంటే నలభై పైచిలుకు ముక్కలు కడగాలి. గొట్టానికి సన్నని బ్రష్ విడిగా కావాలి, సెట్టులో రాకపోతే కొనేదాకా ఆ సీసా వాడకండి. గొట్టం లోపల పాలమీగడ పేరుకుంటే గాలీ ఆగుతుంది, క్రిములూ పెరుగుతాయి. ఇక ఈ రకంలో ఎక్కువమంది పడే పొరపాటు కొలతది. గొట్టం లోపల పెట్టాక నీళ్ల మట్టం పైకి లేస్తుంది, గీత 90 చూపినా లోపల నీళ్లు అంతకన్నా తక్కువే ఉంటాయి. నీళ్లు కొలిచేటప్పుడు గొట్టం బయటే ఉండాలి. పొడి కలిపేటప్పుడూ అంతే, గొట్టం పెట్టి ఊపితే పాలు గొట్టంలోకి ఎక్కి మూతలోంచి కారతాయి. పై గీత దాటి పోసినా, వేడివేడిగా పోసి మూత బిగించినా ఇదే జరుగుతుంది. వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాలను గాలి దారిలోకే తోస్తుంది. సీసా కారుతోందని ఒక నక్షత్రం ఇచ్చిన రివ్యూల్లో కొన్ని ఈ బాపతువేనని వాటిని చదివితేనే అర్థమవుతుంది.

అడుగు బిళ్ల రకంలో బిళ్ల తిరగేసి పెట్టడం ఒక్కటే పెద్ద ప్రమాదం. తిరగబడితే పాలన్నీ బ్యాగులోకి పోతాయి. ఏ వైపు పైకి ఉండాలో మొదటిరోజే ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోండి, రాత్రి రెండింటికి గుర్తుండదు.

ఇప్పుడు చవక సెట్లలో ఉన్న ఇంకో మోసం, నా లెక్కలో గాలి చిల్లు లేకపోవడం కన్నా ప్రమాదకరమైంది: మి.లీ. గీతలు తప్పుగా ఉండటం. వంటింటి డిజిటల్ త్రాసు మీద ఖాళీ సీసా పెట్టి సున్నా చేయండి. 90 గీత దాకా నీళ్లు పోయండి. త్రాసు దాదాపు 90 గ్రాములు చూపాలి. 80 చూపిందనుకోండి, మీరు 90కి లెక్కపెట్టి మూడు స్కూపులు వేస్తే పాలు ఎనిమిదో వంతు చిక్కబడతాయి. ప్రతి తాపుకూ అదే చిక్కదనం. బిడ్డకు మలబద్ధకం, దాహం, ఒంట్లో నీరు తగ్గడం, పైగా కడుపునొప్పి. దాన్నే గ్యాస్ అనుకుని మరో యాంటీ కోలిక్ సీసా కోసం వెతుకుతాం. త్రాసు లేకపోతే అదే సిరంజితో తొమ్మిదిసార్లు పోసి చూడండి.

అమెరికా నుంచి సీసాలూ పాలడబ్బాలూ తెప్పించుకునేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. మన దగ్గరి డబ్బాల్లో ఎక్కువ వాటికి 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు. అక్కడి డబ్బాల్లో ఎక్కువ వాటికి రెండు ఔన్సులకు, అంటే సుమారు 60 మి.లీ.కు ఒక స్కూపు. అక్కడి పొడిని ఇక్కడి అలవాటుతో కలిపితే పాలు రెట్టింపు చిక్కన, ఇక్కడి పొడిని అక్కడి లెక్కతో కలిపితే సగం పలచన. ఒక డబ్బా స్కూపు ఇంకో డబ్బాలో వేయకండి. అక్కడి సీసాకు వాల్వో పీకో పాడైతే ఇక్కడ అదే మోడల్ విడిభాగం దొరుకుతుందో లేదో కూడా ముందే చూసుకోండి. వేరే కంపెనీ పీక మరలకు పట్టినట్టే ఉంటుంది, గాలి వాల్వు కుదరదు.

పీక వేగం గురించి ఒక మాట. 1, 2, 3 అని గానీ ఎస్, ఎం, ఎల్ అని గానీ వేసే గుర్తులకు కంపెనీల మధ్య పొంతన లేదు. ఒకరి 1 ఇంకొకరి 2 కన్నా వేగంగా కారవచ్చు. సీసా తలకిందులు చేస్తే పసిబిడ్డ పీకలోంచి సెకనుకు ఒక చుక్క చొప్పున పడాలి. ధారగా పడితే బిడ్డ గబగబా మింగుతూ గాలి కూడా మింగుతుంది, పెదవి పక్కనుంచి పాలు కారతాయి, దగ్గు వస్తుంది. మరీ నెమ్మదైతే గట్టిగా లాగి లాగి అలసిపోయి నిద్రపోతుంది. రంధ్రం చిన్నదనిపిస్తే కాల్చిన సూదితో పెద్దది చేసే అలవాటు మనకుంది. దయచేసి మానండి. చిరిగిన సిలికాన్ ముక్క ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది. పీక ఉబ్బినా, జిగటగా మారినా, చివర పలచబడినా వెంటనే పారేయండి.

కొనేటప్పుడు చూడాల్సిన గుర్తు ఐఎస్ఐ. మన దేశంలో పాలసీసాలకు ఇది తప్పనిసరి, కంపెనీ ఇష్టానికి వదిలేసింది కాదు. ప్లాస్టిక్ సీసా మీద గుర్తుకు పైన ఐఎస్ 14625 అని, కింద సీఎం/ఎల్ అంటూ లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో వస్తుంది. పెట్టె మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే వెనక్కి పంపండి. "బీపీఏ ఫ్రీ" (బీపీఏ అనే హానికర ప్లాస్టిక్ రసాయనం లేదన్న) స్టిక్కరు ఎవరైనా అంటించుకోవచ్చు, దాన్ని బట్టి కొనకండి. అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, చూడ్డానికి కాస్త మసకగా ఉంటుంది. తేనెరంగులో ఉండేది సాధారణంగా పీపీఎస్‌యూ అనే, వేడికి తట్టుకునే ప్లాస్టిక్. గాజులా తళతళలాడే గట్టి ప్లాస్టిక్, అడుగున 7, ఐఎస్ఐ లేదు అంటే ముట్టుకోకండి. ఆ 7 కింద పాలీకార్బొనేట్ కూడా వస్తుంది, బీపీఏ ఉండేది అందులోనే.

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్న ఆఫరే మీకు మొదటి హెచ్చరిక. పాలసీసాలకూ పాలడబ్బాలకూ ప్రకటనలు, తగ్గింపు ఎరలు, కానుకలు 1992 నాటి చట్టం ప్రకారం నిషేధం, 2003 సవరణ దాన్ని ఇంకా బిగించింది. సీసా అమ్మేటప్పుడే చట్టాన్ని పక్కన పెట్టినవాడు లోపలి సిలికాన్ విషయంలో నిజాయతీగా ఉంటాడని ఏం నమ్మకం?

పాలు కలిపే పద్ధతి కూడా గ్యాస్‌కు కారణమే. సీసాలోనే పొడి వేసి గిలకొడితే సగం నురగే. స్టీలు గ్లాసులో చెంచాతో కలిపి, నురగ తగ్గి, పాలు గోరువెచ్చనయ్యాక సీసాలో పోయండి. పొడి పాలల్లో క్రిములు ఉండవచ్చు కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత వేడి ప్లాస్టిక్‌కు తగలకుండా ఉండటం గ్లాసులో కలపడం వల్ల వచ్చే ఇంకో లాభం. కలిపిన పాలు రెండు గంటల్లోపు తాగించాలి, మిగిలినవి పారబోయాలి. తాగించేటప్పుడు బిడ్డ తల ఎత్తుగా, సీసా దాదాపు అడ్డంగా, పీక మొదలు నిండా పాలు ఉండేలా పట్టండి. 30 మి.లీ.కు ఒకసారి భుజాన వేసుకుని త్రేన్పించండి.

సీసా ఎంత మంచిదైనా కోలిక్‌ను నయం చేయదు. ఏ సీసా అయినా కోలిక్‌ను ఆపుతుందని గట్టిగా రుజువు కాలేదు, మింగే గాలి తగ్గుతుంది, అంతవరకే. రోజుకు మూడు గంటలకు పైగా, వారానికి మూడు రోజులకు పైగా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడిస్తే డాక్టర్లు కోలిక్ అంటారు. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారానికి పెరిగి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. నాలుగో నెలలో మార్చిన సీసాకు అందుకే మంచిపేరు వస్తుంది! తల్లిపాలు తాగే బిడ్డకు గ్యాస్ భయంతో సీసా మొదలుపెట్టాల్సిన పనే లేదు. పిండిన పాలు పట్టాల్సివస్తే ఉగ్గుగిన్నె ఉండనే ఉంది, దానికి వాల్వూ లేదు, గొట్టమూ లేదు, ఒక్క కడుగుతో శుభ్రం.

ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల జ్వరం, గట్టిపడి తగ్గని పొట్ట, పాలు పూర్తిగా మానేయడం, పిలిచినా పలకని మగత. వీటిలో ఏది కనిపించినా సీసా సంగతి వదిలేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.

మోసపోయినవాళ్లకు: "శుభ్రతకు సంబంధించిన వస్తువు, వాపసు లేదు" అని అమ్మకందారు తప్పించుకోవచ్చు. అందుకే పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. ఐఎస్ఐ లేని అడుగుభాగం, చిల్లులేని పీక అంచు, త్రాసు అంకె మూడూ అందులో కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఐఎస్ఐ గుర్తు మోసమైతే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. తేలేదాకా సీసా పారేయకండి, బిల్లుతో కలిపి కవర్లో వేసి, పొరపాటున ఎవరూ పాలు పట్టకుండా పై అల్మరాలో పెట్టండి.