సరుగుడు తోటలకి ఏది మేలు: మార్కెట్ మార్చడమా, కౌలు చట్టం మార్చడమా?

అంతర్వేది, సఖినేటిపల్లి, అటు మొగల్తూరు వైపు ఇసుక నేలల్లో సరుగుడు వేసేవాళ్ళకి అమ్ముకోడం మరీ పెద్ద చిక్కు కాదండి. పేపరు మిల్లులు అడవి మీద కాకుండా రైతుల దగ్గరే కర్ర కొనుక్కోవాలని 1988 జాతీయ అటవీ విధానంలోనే రాశారు, రాజమండ్రి మిల్లు ఏళ్ళ తరబడి మొక్కలిచ్చి కర్ర కొంటూనే ఉంది.

ఇక గుత్తకివ్వాలా (అంటే తోట మొత్తానికి ఒకే రేటుకి), టన్నుల్లెక్కన అమ్మాలా అంటే, గుత్తకైతే వ్యాపారి తోటలో తిరిగి నాలుగు మానులు జానతో కొలిచి, చెట్టు నిలబడుండగానే రేటు తెగ్గొడతాడు, కొట్టుడు కూలీ, లోడింగు, లారీ అన్నీ అతనే చూసుకుంటాడు. టన్నుల్లెక్కైతే అవన్నీ మన నెత్తినే, పైగా కొట్టిన కర్ర రోజురోజుకీ ఆరిపోయి తూకం తగ్గుద్ది, మిల్లు గేటు దగ్గర లారీ ఆగిపోతే ఆ తరుగూ మనదే. నాలుగైదెకరాలుండి దగ్గరుండి చూసుకోగలిగితే టన్నుల్లెక్కే మేలు, కాటా చీటీ చేతిలో ఉంటది. ఎకరం లోపైతే గుత్తే నయం, కాకపోతే ఒక్క వ్యాపారి మాటకే ఒప్పేసుకోకండి.

కానీ ఇదంతా సొంత పొలం ఉన్నోళ్ళ సంగతి. గోదావరి డెల్టాలో సేద్యం చేసేది చాలామట్టుకు కౌలుదార్లు. ఆంధ్రాలో 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకిచ్చే కార్డు 11 నెలలకే, అదీ ఓనరు సంతకం పెడితేనే, సరుగుడేమో చేతికి రావడానికి 3, 4 ఏళ్ళు పడుద్ది, మరి కౌలుదారు ఏ ధైర్యంతో మొక్క వేస్తాడు? చివరికి ఏమవుతుందంటే హైదరాబాద్‌లో ఉండే ఓనరే, రోజూ చూసుకోనక్కర్లేదు కదా అని సరుగుడు నాటించేస్తాడు, అక్కడ కూరగాయలు పండించుకునే మనిషికి ఆ పొలం చెక్క పోద్ది. చెట్లు పెరిగాయి, బతుకు పోయింది, ఇది నాకు చాలా బాధగా ఉంటది.

ఓనర్ల భయం కూడా అబద్ధం కాదు, 1956 కౌలు చట్టంలో కనీసం 6 ఏళ్ళ కౌలు అని పెట్టేసరికి పొలం చేజారిపోద్దేమోనని అంతా నోటిమాట కౌళ్ళకి దిగిపోయారు. 2016లో నీతి ఆయోగ్ ఇచ్చిన నమూనా చట్టంలో పొలం హక్కు ఓనరుకే, గడువు మాత్రం ఇద్దరూ మాట్లాడుకున్నంత, నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది, మిల్లు రేటు ఇంకో వంద పెరగడం కంటే ముందు ఇది కావాలి.

ఈలోగా ఎవరైనా సరుగుడుకి కౌలు మాట్లాడుకుంటే కాగితం మీద రాసుకోండి: కర్రలో ఎవరి వాటా ఎంత, తుఫానుకి తోట పడిపోతే కౌలు కట్టాలా వద్దా, నరికాక మోళ్ళు పీకించే ఖర్చు ఎవరిది.