గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ టికెట్లు బయటి సైట్లలో కొనకండి

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మిషిగన్‌లోని డియర్‌బోర్న్ తీసుకెళ్దామనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చదవండి. అక్కడ గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అని పాత ఇళ్లతో కట్టిన ఆరుబయటి మ్యూజియం ఉంది. టికెట్లు అమ్మే ఒక బయటి సైటు ఆ విలేజ్ ఫోటోలు చూపించి, మాకు పక్కనున్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియం టికెట్లు అంటగట్టింది.

రెండూ పక్కపక్కనే ఉంటాయి, "ది హెన్రీ ఫోర్డ్" అనే ఒకే సంస్థవి. కానీ దేని టికెట్ దానిదే. మ్యూజియం ఒక పెద్ద భవనం. తెల్లవాళ్లకు సీటు ఇవ్వనని ఎదిరించిన నల్లజాతి మహిళ రోజా పార్క్స్ కూర్చున్న బస్సు ఉండేది అందులోనే, అదీ తప్పక చూడాల్సిందే. విలేజ్ మాత్రం ఆరుబయట, 80 ఎకరాల్లో ఉంటుంది. ఎక్కడెక్కడి పాత ఇళ్లనో ఊడదీసి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. నిఘంటువు రాసిన నోవా వెబ్‌స్టర్ ఇల్లు న్యూ హేవెన్ నుంచి వచ్చింది. రైట్ సోదరుల ఇల్లు, సైకిల్ షాపు ఒహాయోలోని డేటన్ నుంచి తెచ్చి 1938లో ఇక్కడ తెరిచారు. మా నాన్నగారు సైన్సు మాస్టారు. విమానం పాఠం ఏళ్ల తరబడి చెప్పిన మనిషి, ఆ ఇంటి గడప తొక్కాలని ఎంతో ఆశగా వచ్చారు. ఆయన్ని గేటు దగ్గర నిలబెట్టాల్సి రావడం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధ.

గేటు దగ్గరున్నావిడ తప్పేమీ లేదు, ఓపిగ్గా వివరంగా చెప్పింది. అమ్మిన సైటుకు ఫోన్ చేస్తే "రెండూ ఒకటే కదా, రీఫండ్ రాదు" అన్నారు. మళ్లీ టికెట్లు కొని లోపలికి వెళ్లాం. "అన్నీ కలిపే" అని వాళ్లు రాసిందీ అబద్ధమే. ఫోర్డ్ వారి పాతకాలపు మోడల్-టి కారు, ఆవిరి రైలు ఎక్కాలంటే విలేజ్ టికెట్ కాక రైడ్ టికెట్ విడిగా తీసుకోవాలి. పార్కింగ్ కూడా వేరే.

ఇంకో ఘోరం. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు విలేజ్ మూసి ఉంటుంది. ఆ సైటు మార్చి తేదీలకు కూడా ఇవే ఫోటోలతో టికెట్లు అమ్ముతోంది! చలికాలంలో పెద్దవాళ్లను తీసుకుని అంత దూరం వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి.

ది హెన్రీ ఫోర్డ్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, టికెట్ మీద "గ్రీన్‌ఫీల్డ్ విలేజ్" అని ఉందో లేదో చూసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆ ప్రకటన మార్చేలోపు స్క్రీన్‌షాట్ తీసి, డబ్బు వెనక్కి ఇప్పించమని క్రెడిట్ కార్డు వాళ్ల దగ్గర డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేయండి. నేనూ వేశాను, జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.