లోకల్ ఐడీ చెల్లదట: విజయనగరం నుంచి ఉద్దానం దాకా నాలుగు బళ్ళు

ఆధార్ కార్డు మీద విజయనగరం అని ఉన్నందుకు, డిసెంబరు చలిలో, రాత్రి ఎనిమిదింటికి హైవే పక్కన బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాం నలుగురం. డబ్బులు ముందే కట్టేశాం. రెండు రూములు, ఒక్కోటీ 1,149, వెరసి 2,298. ఆ కథ మధ్యలో వస్తుంది. వచ్చేదాకా నేను ఏ గుడి గురించి చెప్పినా, ఏ కొండ గురించి చెప్పినా కాస్త కారంగా ఉంటే సర్దుకోండి.

రెండో శనివారం వస్తే బళ్ళు తియ్యడం మాకు మూడేళ్ళుగా అలవాటు. బావది బుల్లెట్ క్లాసిక్ 350. చిన్నోడిది పల్సర్. నాది యూనికార్న్. మాస్టారిది స్ప్లెండర్. స్ప్లెండర్ మీద లాంగ్ రైడేమిటని నవ్వేవాళ్ళు పెట్రోలు లెక్క దాకా ఆగండి. మా పద్ధతి ఒకటే, మాస్టారు ముందుంటారు. ఆయన అరవై దాటరు కాబట్టి ఎవడూ అరవై దాటడు. చిన్నోడు ప్రతి ట్రిప్పులోనూ దీని మీద గొణుగుతాడు, ప్రతి ట్రిప్పుకీ వస్తాడు.

తెల్లవారుజామున ఐదింటికి గంటస్తంభం దగ్గర టీ తాగి బయల్దేరాం. అది తప్పు. నాతవలస దగ్గర హైవే ఎక్కేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందున్న స్ప్లెండర్ వెనక లైటు అగ్గిపుల్ల వెలిగించినట్టుంది. రోడ్డు వారగా ఆపిన లారీలకి ఇండికేటరూ ఉండదు, వెనక లైటూ ఉండదు. ఒకదాన్ని చిన్నోడు రెండు గజాల్లో తప్పించుకున్నాడు. ఆ తర్వాత గొణగలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ రోడ్డు మీదకి ఏడు దాటాక రండి. ఆ రెండు గంటలు పడుకుంటే పోయేదేమీ లేదు.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టిఫిను. ఇడ్లీ, ఉప్మా పెసరట్టు, కాఫీలు కలిపి నలుగురికీ 310. బాగుంది.

అక్కణ్ణుంచి శ్రీకూర్మం. దర్శనం పావుగంటలో అయిపోయింది. పడమటి ముఖంగా ఉన్న స్వామి, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో ఆకులు మేస్తున్న నక్షత్ర తాబేళ్ళు. మాస్టారు తాబేళ్ళ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. "మన స్పీడే" అన్నాడు చిన్నోడు.

శాలిహుండం మాత్రం ఈ ట్రిప్పులో నాకు బాగా నచ్చిన చోటు. శ్రీకాకుళం వాళ్ళే సగంమంది చూసి ఉండరు. కొండ మీద ఇటుకల స్తూపాలు, చైత్యాల పునాదులు, కింద వంశధార, ఆ పైన దూరంగా సముద్రం వైపు నీలం గీత. మేం వెళ్ళిన గంటలో మరో మనిషి కనపడలేదు. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన పుట్టింది ఈ జిల్లాలోనే, ఇదే వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. ఈ సంగతి చెప్పేటప్పుడు మాస్టారి గొంతు క్లాసురూములో ఉన్నట్టు మారిపోయింది. ఎండెక్కాక రాకండి, పైన నీడ లేదు. నీళ్ళ సీసా కిందనుంచే తెచ్చుకోండి.

కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసక, తలా ఒక కొబ్బరి బొండం, 40 చొప్పున. అంతే. మళ్ళీ హైవే ఎక్కి మడపాం దగ్గర వంశధార దాటాం. టోల్‌గేటు దగ్గర ఎడంచేతి వారన బళ్ళకి సందు ఉంటుంది, రూపాయి కట్టక్కర్లేదు. నరసన్నపేటలో భోజనం.

కోటబొమ్మాళి దాటాక బావ బుల్లెట్టు వెనక చక్రం కూర్చుంది. మాకందరికీ ట్యూబ్‌లెస్, బుల్లెట్టుకి మాత్రం పుల్లల చక్రం, లోపల ట్యూబు. అంటే చక్రం ఊడదియ్యాలి. పంక్చరు కుర్రాడు ముప్పావు గంట కష్టపడి 150 తీసుకున్నాడు. న్యాయమైన డబ్బు. కానీ ఆ ముప్పావు గంటా మాస్టారు స్ప్లెండర్ మీద కూర్చుని పల్లీలు తింటూ బావ వైపు చూశారు. ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది. అక్కణ్ణుంచి బావ మౌనవ్రతం.

టెక్కలి నుంచి పక్కకి దిగి తేలినీలాపురం చేరేసరికి నాలుగున్నర. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. కొమ్మ కనపడకుండా ఉన్నాయి. సంచి ముక్కుల్లో చేపలతో దిగే తల్లులు, గూళ్ళలో పిల్లల గోల, చెట్టు కింద రెట్టల వాసన. ఊళ్ళోవాళ్ళు ఆ వాసనతోనే కాపురం చేస్తారు, పక్షులు రాని ఏడాది ఊరికి మంచిది కాదంటారు. వీటిని అందరూ సైబీరియా పక్షులనే చెప్తారు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఈ రెండు రకాలూ సైబీరియా మొహం చూడలేదు. ఇవి మన దేశపు పక్షులే, నీళ్ళూ చేపలూ ఉన్నచోటికి తిరుగుతాయి. లోకల్" అన్నారు. ఆ మాట మూడు గంటల తర్వాత మాకు ఎదురుతిరుగుతుందని అప్పుడు తెలీదు.

ఇక లాడ్జి. పేరు రాయను, ఊరూ రాయను. టెక్కలి దాటాక హైవే వారన, బయట రంగు లైట్లు, లోపల అద్దాల రిసెప్షను. వారం ముందు ఫోనులో యాప్ ద్వారా బుక్ చేశాను. కౌంటరు మీద కుర్రాడు నా ఆధార్ అందుకుని వెనక్కి తిప్పి అడ్రసు చదివాడు. తలెత్తకుండానే కార్డు నా వైపు తోశాడు.

"లోకల్ ఐడీ చెల్లదు సార్."

"ఇది శ్రీకాకుళం జిల్లా. మాది విజయనగరం."

"పక్క జిల్లా కూడా లోకలే సార్."

చిన్నోడి లైసెన్సు మీద విశాఖపట్నం అడ్రసుంది. ఇచ్చాడు. కుర్రాడు దాన్ని లైటుకి పట్టి చూశాడు. "ఉత్తరాంధ్ర మూడూ లోకలే సార్."

"మరి ఎవరికిస్తారు నాయనా?" అన్నారు మాస్టారు, మెల్లిగా.

"ఒడిశా వాళ్ళకి ఇస్తాం సార్."

ఒడిశా అక్కడికి గంట దారి. మేం పొద్దుట ఐదు నుంచీ బండి మీద ఉన్నాం. ఈ నిబంధన ఏ జీవోలో ఉందో చూపించమన్నారు మాస్టారు. ఓనరుగారు చెప్పారన్నాడు. ఓనరుగారికి ఫోన్ చెయ్యమన్నాం. ఎత్తట్లేదన్నాడు, చెయ్యకుండానే. డబ్బు వెనక్కిమ్మంటే యాప్ వాళ్ళనడగమన్నాడు. యాప్ వాళ్ళకి ఫోన్ చేస్తే "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని పన్నెండు నిమిషాలు పాట వినిపించి, లాడ్జివాళ్ళు రద్దు చేస్తేనే డబ్బొస్తుందన్నారు. కుర్రాడు రద్దు నొక్కడు. నొక్కితే వాళ్ళ రేటింగు పోతుందట!

అసలు సంగతి బయట వాచ్‌మన్ దగ్గర తేలింది. బావ సిగరెట్ ఇచ్చాడు, ఆయన నిజం ఇచ్చాడు. ధనుర్మాసం పడేలోగా మంచి ముహూర్తమట. మగపెళ్ళివారు సాయంత్రం బస్సు దిగారు. చెప్పిన రూములు చాల్లేదు, ఇంకో నాలుగు కావాలన్నారు. ఒక్కోటీ 2,000 చొప్పున. "మీవి మీద మేడలో ఉన్నవే బాబూ. పిల్లలు గెంతుతున్నారు సూడండి" అని కిటికీ చూపించాడు. చూశాం. గెంతుతున్నారు.

లోకల్ ఐడీ పేరు చెప్పి నిజంగానే రూమివ్వని లాడ్జీలు ఉన్నాయి, అది వేరే దరిద్రం. ఇది ఆ పేరు అడ్డం పెట్టుకుని మా రూము అమ్ముకోవడం. మీకు చెప్పేది ఒక్కటే. సొంత జిల్లాలో, పక్క జిల్లాలో బస చెయ్యాలంటే యాప్‌లో ముందు డబ్బు కట్టకండి. లాడ్జి నంబరు పట్టుకుని ఫోన్ చేసి, ఆధార్ ఎక్కడిదో చెప్పి, సరేనన్న మనిషి పేరు రాసుకోండి. పెళ్ళి ముహూర్తాలుంటే ఆ వారాంతం మానుకోండి. పంచాంగం చూసి బండి తియ్యాల్సిన రోజులొచ్చాయి.

ఇంకో రెండుచోట్ల అడిగాం. రెండూ పెళ్ళివారివే. "గూడబాతుల్ని ఎవడూ ఆధార్ అడగలేదు కదా మాస్టారూ" అన్నాడు చిన్నోడు. ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు మాస్టారు ఫోను తీశారు. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో ఆయన మేనత్త ఉంది. పదేళ్ళుగా వెళ్ళలేదట, అందుకే మొహం చెల్లక అప్పటిదాకా చెప్పలేదు. హైవే వదిలి జీడితోటల మధ్య చీకటిరోడ్డు మీద దగ్గర దగ్గర ఇరవై కిలోమీటర్లు. ఎడమా కుడీ ఏమీ కనపడదు, సముద్రపు గాలి మాత్రం తగులుతోంది. వీధి చివర లాంతరులాంటి బల్బు కింద, శాలువా కప్పుకుని ఆవిడ మా కోసం నిలబడి ఉంది.

"ఏటి అల్లుడా, పదేళ్ళకా తోవ తెలిసింది? రండి బావూ, నోపలికి రండి. తిన్నారా నేదా?"

తిన్నామని బావ మర్యాదకి అబద్ధమాడాడు. రోజంతా వాడు నోరు విప్పింది అందుకా! ఆవిడ నమ్మలేదు, అదే మా అదృష్టం. రాత్రి పదిన్నరకి కట్టెల పొయ్యి వెలిగించి అన్నం వండింది. ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ ఇగురు, పచ్చిమిర్చి దట్టించిన కొబ్బరి పచ్చడి, చారు. నెత్తళ్ళని ముందు పెనం మీద దోరగా వేయించి, తలలు తుంచి, వంకాయ మగ్గాక వేసిందట. అందుకే నీచు వాసన లేదు, కరకర పోలేదు. బావ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మూడోసారి "అత్తా, ఇంకొంచెం ఇగురు" అని వరస కలిపేశాడు. విజయనగరంలో పెద్ద హోటల్లో నలుగురికీ 1,600 కట్టి తిన్న భోజనం నాకు గుర్తులేదు గానీ, ఈ వంకాయ గుర్తుంటుంది.

తాగడానికి టిన్ను నీళ్ళు ఇచ్చింది. "బోరింగు నీళ్ళు తాగకండి బావూ" అని రెండుసార్లు చెప్పింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి పేపర్లో చదవడం వేరు, ఒక ముసలావిడ చెంబు మన చేతిలోంచి లాక్కోవడం వేరు.

పొద్దున్నే తోట చూపించింది. 2018 అక్టోబరు 11న తెల్లారేలోగా తిత్లీ తుఫాను ఈ పక్కనే తీరం దాటింది. ఆవిడకి అరవై కొబ్బరిచెట్లుంటే తొమ్మిది మిగిలాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా పడ్డాయి. తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. తోటలో ఏ చెట్టు తుఫానుకి ముందుదో, ఏది తర్వాతదో ఎత్తు చూస్తే చాలు. చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టి పంపింది. మాస్టారు మడిచిన రెండు 500 నోట్లు దిండు కింద పెట్టబోతే పట్టుకుంది. ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తిట్లకి మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఆదివారం సాఫీగా సాగింది. బారువలో కొబ్బరితోటలు తీరం దాకా వచ్చేస్తాయి. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఆ దాపునే. మునిగాం, ఆరాం. మందసలో కోవా కిలో 400. వేడిగా ఉన్నది అడిగి తీసుకోండి, పొద్దుటిదానికీ దీనికీ పోలిక లేదు. వాసుదేవాలయం తలుపులు మూసే వేళకి వెళ్ళాం, బయటి శిల్పమే చూసుకున్నాం. మధ్యాహ్నం అక్కడ బయల్దేరితే దీపాలవేళకి ఇల్లు.

లెక్క. రెండు రోజులకీ 461 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 దరిదాపు. బావ బుల్లెట్టుకి 1,540, నాకు 1,010, మాస్టారి స్ప్లెండర్‌కి 745. చిన్నోడు లెక్క చెప్పలేదు. తిండి, కోవా, బొండాలు, పంక్చరు కలిపి తలకి ఆరొందల పైచిలుకు.

లాడ్జి డబ్బుకి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ పెళ్ళి కిటికీ ఫోటో, రిసెప్షన్‌లో తీసిన టైముతో ఉన్న ఫోటో, రెండూ జతచేశాను. మేం అసలు రాలేదని లాడ్జివాళ్ళు రాశారట. ఆ ఫోటోలే పనికొచ్చాయి, మీరూ తీసుకోండి. పన్నెండో రోజున డబ్బు పడింది. 2,298 కాదు, 2,149. మిగతా 149 'సౌకర్య రుసుము' అట. ఎవరి సౌకర్యమో అడుగుతూ మళ్ళీ రాశాను. జవాబు లేదు.

వచ్చే రెండో శనివారం సాలూరు ఘాటు ఎక్కి సుంకి వైపు పోదామనుకుంటున్నాం. రూము ఎక్కడ చూడాలని గ్రూపులో అడిగాను. బావ దగ్గర్నుంచి ఒకటే జవాబు వచ్చింది.

"మాస్టారూ, సాలూరులో మీకు అత్తలెవరైనా ఉన్నారా?"